జాగ్రత్త: ‘మచ్చ పడని థై లిఫ్ట్’ అంటే అడ్వాన్సు కట్టకండి

విజయవాడలోగానీ గుంటూరులోగానీ తొడల సర్జరీకి డబ్బు కట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ‘మచ్చ పడదు, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు, ఈ వారంలో కడితే తగ్గింపు’ అని ఫోన్లో ప్యాకేజీ చెబుతున్నారంటే, మీకు అంటగడుతున్నది థై లిఫ్ట్ కాదు, లైపోసక్షన్.

లైపోలో మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రంలోంచి గొట్టం పెట్టి కొవ్వు లాగుతారు. చర్మం ఎక్కడిదక్కడే ఉంటుంది. బరువు బాగా తగ్గి చర్మం వేలాడేవాళ్లకు ఇది చేస్తే, బస్తాలోంచి బియ్యం తీసేసినట్టే: బస్తా ఇంకా జారుతుంది. థై లిఫ్ట్‌లో ఆ చర్మాన్నే కోసి తీసేస్తారు. కోత గజ్జల మడతలో ఉంటుంది. చర్మం మరీ ఎక్కువైతే తొడ లోపలివైపు మోకాలి దాకా దిగుతుంది. మచ్చ పడి తీరుతుంది.

మీకేది అవసరమో అద్దం ముందు నిలబడితే కొంత తెలుస్తుంది. తొడ లోపలివైపు రెండు వేళ్లతో పట్టుకోండి. మందంగా వస్తే కొవ్వు, బట్ట మడతలా పల్చగా వస్తే చర్మం. ఆపరేషన్ రోజు మార్కర్‌తో గీతలు కూడా మిమ్మల్ని నిలబెట్టే గీయాలి. పడుకుంటే చర్మం పక్కకు జారి కొలత తప్పుతుంది.

డాక్టర్ని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: ‘లోపలి కుట్టు దేనికి వేస్తారు?’ తొడ బరువు రాత్రీపగలూ కిందికి లాగుతూనే ఉంటుంది. పైచర్మానికి మాత్రమే కుట్టేస్తే మచ్చ మడతలోంచి కిందికి దిగి బయటపడుతుంది, ఆడవాళ్లకు జననాంగం పక్కకు లాగబడుతుంది. అందుకే గజ్జల్లో లోతుగా ఉండే కోలీస్ ఫేషియా అనే గట్టి పొరకు పట్టి కుడతారు. దీనికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

తర్వాతి గండం పుండు విడిపోవడం. అడ్డకోత, నిలువుకోత కలిసేచోట చెమట, రాపిడి, మూత్రం తుంపర్లు అన్నీ కలిసి మొదటి రెండు మూడు వారాల్లో కుట్లు ఊడొచ్చు. తొడలను నొక్కిపెట్టే బిగుతు తొడుగు (గార్మెంట్) నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి. మే నెల బెజవాడ ఎండలో అదెలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆపరేషన్ చలికాలానికి పెట్టుకోండి. ఇండియన్ టాయ్‌లెట్, బాసింపట్టు, బండెక్కడం డాక్టరు సరేననేదాకా వద్దు. ఒక పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా అది రక్తం గడ్డ కావచ్చు. రేపటిదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

బోర్డు మీద ‘కాస్మెటిక్ సర్జన్’ అనుంటే చాలదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే స్పెషలిస్టు డిగ్రీ ఉందా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత, మత్తు డాక్టరెవరు, ఐసీయూ ఉందా, అన్నీ అడగండి. బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ సర్జరీ అయినవాళ్లు ఏడాది, ఏడాదిన్నర ఆగాలి, బరువు ఆరు నెలలు నిలకడగా ఉండాలి. సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందే మానాలి. మీకు రక్తం తక్కువున్నా ‘ఇప్పుడు ఆపరేషన్ వద్దు’ అని చెప్పే సర్జనే మంచి సర్జన్.

అందం కోసం చేయించుకుంటే ఇన్సూరెన్స్ రాదు, జీఎస్టీ మినహాయింపూ లేదు. డ్రెస్సింగులు, గార్మెంట్, కుట్లూడితే మళ్లీ చేసే ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్ రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలి. తర్వాత మరో ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించి, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.