చీరల వాట్సాప్ గ్రూపుల్లో కొనేవాళ్లకు జాగ్రత్త: తెలిసిన నంబరు నుంచి వచ్చినా కొత్త క్యూఆర్‌కు డబ్బు వేయకండి

వాట్సాప్ గ్రూపుల్లో చీరలు కొనే అక్కచెల్లెళ్లందరికీ, ముఖ్యంగా పండగల ముందు అడ్వాన్సులు వేసేవాళ్లకు చెబుతున్నాను. ఏళ్లుగా కొంటున్న నంబరు నుంచే అయినా సరే, కొత్త క్యూఆర్ కోడ్ వస్తే వెంటనే డబ్బు వేయకండి. ఆ నంబరుకు సిమ్ మీద మామూలు కాల్ చేయండి. అవతల మాట్లాడుతున్నది మీకు తెలిసిన మనిషేనని గొంతు విని తేల్చుకున్నాకే వేయండి.

మా వదిన కరీంనగర్‌లో ఉంటుంది. మంగళగిరి, ఉప్పాడ చీరలు అమ్మే ఒకాయన దగ్గర చాలా ఏళ్లుగా తెప్పించుకుంటోంది. నేనూ అదే గ్రూపులో ఉన్నాను. సరుకు మంచిది, జరీ ఎలాంటిదో ఉన్నది ఉన్నట్టు చెబుతాడు, నచ్చకపోతే మాట లేకుండా వెనక్కి తీసుకుంటాడు. అందరం అన్నా అనే పిలుస్తాం. మొన్న దసరా ముందు ఆ నంబరు నుంచి ట్రాఫిక్ చలాన్ పేరుతో ఒక ఫైలు అందరికీ వచ్చింది. చేయి తగిలి వచ్చిందేమో అనుకుని చాలామంది వదిలేశారు. మర్నాడు నిజాం అంచు మంగళగిరి పట్టు చీరల ఫొటోలు వచ్చాయి. సగం ధరకే ఇస్తామని, ఈ రాత్రి వరకే అని, డబ్బు మొత్తం ముందే వేయాలని కింద రాసి ఉంది. ఆ ఫొటోలన్నీ ఆయన ఇన్‌స్టా పేజీలో ఉన్నవే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వదిన రెండు చీరలకు 6,500 రూపాయలు వేసింది.

డబ్బు వేసేటప్పుడు యాప్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పేరు కనిపించింది. దానికి జవాబు మెసేజ్‌లో ముందే ఉంది: "మా అకౌంటు లిమిట్ అయిపోయింది, ఇది మా బావమరిది అకౌంటు." ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మోసమంతా ఇందులోనే ఉంది. డబ్బు అందుకునే మనిషి పేరు బ్యాంకులో ఎలా ఉందో యూపీఐ యాప్‌లు అలాగే చూపించాలని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 జూన్ 30 నుంచి నిబంధన పెట్టింది. మనం సేవ్ చేసుకున్న పేరో, వాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరో అక్కడ చూపించకూడదు. కాబట్టి పిన్ కొట్టే ముందు కనిపించే ఆ పేరే మనకున్న గట్టి ఆధారం. దాన్ని మనం పట్టించుకోకుండా చేయడానికే బావమరిది, తమ్ముడు, షాపు కుర్రాడు అంటూ కథలు చెబుతారు.

ఇంకో సంగతి కూడా తర్వాత అందరికీ తట్టింది. ఆయన ఎప్పుడూ వాయిస్ మెసేజ్‌లే పెడతాడు, టైపు చేయడం చాలా అరుదు. ఆ రోజు వచ్చినవన్నీ టైపు చేసినవే. పార్శిల్ ఎప్పుడు పంపుతారని వదిన వాట్సాప్ కాల్ చేస్తే ఎత్తలేదు. పెళ్లిలో ఉన్నాను, మెసేజ్ పెట్టండి అని జవాబు వచ్చింది.

జరిగింది ఏమిటంటే, ఆయనకు ఇంకో వ్యాపారి నంబరు నుంచి అదే చలాన్ ఫైలు వచ్చింది. అది ఫొటో కాదు, పీడీఎఫ్ కాదు, చివర ఏపీకే అని ఉండే ఫైలు. నొక్కితే ఫోన్‌లో ఒక యాప్ ఇన్‌స్టాల్ అవుతుంది, ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. అనుమతి ఇస్తే చాలు, వాట్సాప్ పంపే ఆరంకెల కోడ్ మనతో పాటు దొంగకూ చేరుతుంది. వాడు ఆ కోడ్‌తో ఆయన నంబరును తన ఫోన్‌లో రిజిస్టర్ చేసుకుని, ఆ కోడ్‌తో పాటు వాట్సాప్ అడిగే రెండంచెల భద్రత పిన్ కూడా పెట్టేశాడు. ఆయన మళ్లీ కోడ్ తెప్పించుకుని లాగిన్ అవబోయినా, ఆ యాప్ ఫోన్‌లోనే ఉండటంతో కొత్త కోడ్ కూడా దొంగకే పోయింది. పెళ్లి పిలుపు పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు రివార్డు పేరుతో తిరిగే ఏపీకేలు కూడా ఇలాంటి పనే చేస్తుంటాయి.

వాట్సాప్ అకౌంటు పోవడం ఆయన తప్పని నేను అనను. పొద్దస్తమానం ఆర్డర్లు చూసుకునే మనిషి, తెలిసిన వ్యాపారి పంపిన ఫైలు తెరిచాడు. నా బాధంతా ఆ తర్వాత జరిగినదాని గురించి. వాట్సాప్ పోయిందని ఆయనకు ఆ పొద్దున్నే తెలుసు. ఇన్‌స్టా పేజీ ఆయన చేతిలోనే ఉంది. "నా వాట్సాప్ హ్యాక్ అయింది, ఎవరూ డబ్బు వేయకండి" అని అక్కడ ఒక్క స్టోరీ పెట్టి ఉంటే చాలు, వదిన డబ్బే కాదు, గ్రూపులో మిగతావాళ్ల డబ్బు కూడా మిగిలేది. పేరు పోతుందని, కస్టమర్లు జారిపోతారని ఊరుకున్నాడు. అకౌంటు తిరిగొచ్చాక ఏమీ జరగనట్టు కొత్త స్టాకు ఫొటోలు పెట్టాడు. అడిగిన ఇద్దరిని గ్రూపులోంచి తీసేశాడు. "మీరు వేసింది నా అకౌంటుకు కాదు కదా" అన్నాడు. ఆ మాట నిజమే. కానీ మేము డబ్బు వేసింది ఆయన నంబరును నమ్మి, ఆ నంబరు దొంగ చేతిలో ఉందని తెలిసినది ఆయనొక్కడికే.

కొనేవాళ్లుగా మనం చూసుకోవాల్సినవి చెబుతాను. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళితే సెక్యూరిటీ నోటిఫికేషన్స్ అని ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. అవతలి వాళ్ల నంబరు వేరే ఫోన్‌లో రిజిస్టర్ అయితే, వాళ్ల సెక్యూరిటీ కోడ్ మారిందని చాట్‌లో ఒక లైను వస్తుంది. కొత్త ఫోన్ కొన్నా అదే వస్తుంది కాబట్టి కంగారు అక్కర్లేదు. కానీ ఆ లైను వచ్చిన కాసేపటికే కొత్త క్యూఆర్ వస్తే మాత్రం ఆగిపోండి. పాత చాట్ దొంగ దగ్గర ఉండదు కదా, పోయినసారి ఏ చీర తీసుకున్నానో అడిగితే దొరికిపోతాడు అని కొందరు అంటున్నారు. దాన్నే నమ్ముకోకండి. నంబరును పూర్తిగా లాక్కోకుండా, లింక్డ్ డివైజెస్ ద్వారా ఇంకో కంప్యూటర్‌కో ఫోన్‌కో కలిపేసుకునే మోసం కూడా ఉంది. అందులో పాత చాట్‌లు వాడికీ కనిపిస్తాయి, అసలు మనిషి ఫోన్‌లో వాట్సాప్ మామూలుగానే నడుస్తుంటుంది.

మామూలు కాల్ చేయమన్నాను కదా, అందులోనూ గొంతే ముఖ్యం. ఎందుకంటే దొంగలు డెలివరీ వాళ్లమంటూ ఎవరికైనా ఫోన్ చేసి, స్టార్ 21తో మొదలయ్యే నంబరు వాళ్ల చేతే కొట్టిస్తారు. దానితో వాళ్ల నంబరుకు వచ్చే కాల్స్ దొంగకు ఫార్వర్డ్ అవుతాయి, వాట్సాప్ కోడ్‌ను కాల్ ద్వారా చెప్పమంటే అదీ వాడికే వినిపిస్తుంది. 2025 సెప్టెంబరులో కన్నడ నటుడు ఉపేంద్ర ఇంట్లో ఇలాగే జరిగింది. ఆయన భార్య ప్రియాంకకు పార్శిల్ పేరుతో ఫోన్ వచ్చింది, ఆ తర్వాత వాళ్ల నంబర్ల నుంచి తెలిసినవాళ్లకు డబ్బు అడుగుతూ మెసేజ్‌లు వెళ్లాయి. మీ ఫోన్ మీద అనుమానం ఉంటే ##002# డయల్ చేయండి, ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి.

డబ్బు పోయినవాళ్లు సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు ఒక అకౌంటు నుంచి ఇంకో అకౌంటుకు దాటకముందే ఆపించే వీలు అంత ఎక్కువ. మెసేజ్‌లు డిలీట్ చేయకండి, క్యూఆర్ కోడ్, లావాదేవీ నంబరు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. వదిన మర్నాడు ఫిర్యాదు చేస్తే కొంత సొమ్ము మొదటి అకౌంటులోనే ఆగింది, మిగతాది అప్పటికే దాటిపోయింది. తెలంగాణలో ఇలా ఆపిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు ఇప్పిస్తున్నారు, మేమూ దాని కోసమే చూస్తున్నాం. బ్యాంకు మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. పిన్ కొట్టింది మీరే కదా అన్నదే మాకు అక్కడ వచ్చిన మొదటి మాట.

ఈ గ్రూపుల్లో అమ్మేవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక విన్నపం. మీ యూపీఐ పేరు ఏమిటో గ్రూపు వివరణలో ఇప్పుడే రాసి, మారితే వీడియోలో మీరే కనిపించి చెబుతామని కస్టమర్లకు మాటివ్వండి. రెండంచెల భద్రత పిన్ దొంగ పెట్టకముందే మీరు పెట్టుకోండి. వాట్సాప్ అకౌంటు పోతే ముందు ఆ ఏపీకే తీసేయండి, లేదా సిమ్ ఇంకో ఫోన్‌లో వేయండి, ఆ తర్వాతే కోడ్ తెప్పించుకోండి. ఆ కోడ్ మీరు కొట్టగానే దొంగ లాగౌట్ అయిపోతాడు. వాడు పెట్టిన పిన్ అడ్డొస్తే ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది, కానీ ఆ లోగా వాడు మీ పేరుతో మెసేజ్‌లు పంపలేడు. ఆ ఏడు రోజులూ స్టోరీలు పెట్టండి, ఫోన్లు చేయండి, కొరియర్ అబ్బాయితోనైనా చెప్పించండి. హ్యాక్ అయిందని చెప్పినందుకు మేమెవరం కొనడం మానేయం.

ఆ చలాన్ ఫైలు నొక్కినవాళ్లు మన గ్రూపులో ఇంకా ఉండే ఉంటారు. వాళ్లు ఇప్పుడే ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి, తాము ఇన్‌స్టాల్ చేయనిది ఏదైనా ఉందేమో చూసి తీసేయండి. వాట్సాప్ లింక్డ్ డివైజెస్‌లో తెలియనిది కనిపిస్తే లాగౌట్ చేయండి. ఎస్ఎంఎస్‌లు చదివే యాప్ బ్యాంకు ఓటీపీలు కూడా చదువుతుంది కాబట్టి బ్యాంకుకూ ఒక మాట చెప్పి, పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి.