అంటుకుపోయిన క్లచ్: కుదిపి విడిపించాలా, గేర్‌బాక్స్ దించాలా?

విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో వానాకాలమంతా కదలని కారుకు క్లచ్ ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీల్‌కు (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి) అంటుకుపోతుంటుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేర్లు హాయిగా పడతాయి. స్టార్ట్ చేశాక పడవు, రివర్స్ వేయబోతే కరకరమంటుంది. పెడల్ మెత్తగా దిగిపోతుంటే మాత్రం అది వేరే జబ్బు, ముందు క్లచ్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేరవేసే ద్రవం) లీకు చూడండి.

కుదిపి విడిపించడానికి పెద్దగా ఖర్చు లేదు. కావాల్సింది ఖాళీ మైదానం, నమ్మకమైన బ్రేకులు. ఇంజిన్‌ను వేడెక్కనిచ్చి ఆపేయాలి. రెండో గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్ట్ చేస్తే బండి కుదుపుతో కదులుతుంది. క్లచ్ మీది కాలు తీయకుండా యాక్సిలరేటర్ నొక్కుతూ, వదులుతూ పోతుంటే చాలాసార్లు టప్‌మని వీడిపోతుంది. వీడకపోతే బ్రేకు తొక్కి, ఇంజిన్ ఆఫ్ చేయాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఎదురుగా గోడ పెట్టుకుని ఈ సాహసం అస్సలు వద్దు.

గేర్‌బాక్స్ దించితే క్లచ్ ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కు అదిమిపెట్టే ప్రెజర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్ ఒకేసారి మార్చేయొచ్చు. సామాన్లతో పాటు లేబర్ కూడా గట్టిగానే పడుతుంది, బండిని మామూలుగా నడపలేం కాబట్టి టోయింగ్ అదనం.

తక్కువ తిరిగిన కారైతే నా ఓటు మొదటిదానికే. మెకానిక్ దగ్గరికి పరిగెత్తే ముందు ఒకసారి ప్రయత్నించొచ్చు. క్లచ్ ముందే జారుతున్న (ఇంజిన్ రేజ్ అవుతున్నా వేగం అందుకోని) పాత బండికి మాత్రం కుదుపులు దండగ, నేరుగా సెట్ మార్పించండి. విడిపించాక కూడా బండి వణుకుతూ కదిలితే చివరికి గేర్‌బాక్స్ దించక తప్పకపోవచ్చు.