జాన్‌స్టన్ కాన్యన్‌కి 'ఎంట్రీ టికెట్' అని అమ్ముతున్నారు, కొనకండి

కాల్గరీ, ఎడ్మంటన్ చుట్టుపక్కల ఉండేవాళ్ళు, ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నల్ని విజిటర్ వీసా మీద తీసుకొచ్చి బాంఫ్ చూపించాలనుకునేవాళ్ళు, ఏ వ్యాన్ టూరైనా బుక్ చేసేముందు ఇది ఒకసారి చదవండి. జాన్‌స్టన్ కాన్యన్ అంటే కెనడాలోని బాంఫ్ నేషనల్ పార్క్‌లో రెండు జలపాతాలున్న ఇరుకు లోయ, దానికి విడిగా ఎంట్రీ టికెట్ అనేదే లేదు. బిల్లులో "కాన్యన్ ఎంట్రీ" అని ఒక లైను కనిపిస్తే అక్కడే ఆపేయండి, ఇంక ఒక్క డాలరు కూడా కట్టకండి.

2025 జూలైలో మా అమ్మానాన్నలు వచ్చారు. మాకున్న ఒక్క కారులో పిల్లలతో కలిపి అందరం పట్టం, అందుకని ఫోన్‌లో యాడ్ చూసి ఒక వ్యాన్ టూర్ తీసుకున్నాం. రెండు జలపాతాలూ చూపిస్తాం, గైడ్ ఉంటాడు, ఎంట్రీ మేమే చూసుకుంటాం, పెద్దవాళ్ళకి తగ్గట్టు నింపాదిగా నడిపిస్తాం అని యాడ్‌లో స్పష్టంగా ఉంది. ఫోన్‌లో మాట్లాడినాయన తెలుగాయనే. "అమ్మగారికి, నాన్నగారికి ఏ ఇబ్బందీ ఉండదండీ, నిశ్చింతగా ఉండండి" అన్నాడు. కంపెనీ పేరు ఇక్కడ రాయను, డబ్బుల వ్యవహారం బ్యాంకు దగ్గర ఇంకా నడుస్తోంది.

ఆరోజు వ్యాన్ నేరుగా కాన్యన్‌కి పోలేదు. బాంఫ్ ఊళ్ళో ఒక గిఫ్ట్ షాపు ముందు చాలాసేపు ఆపారు, ఎవరూ ఏమీ కొనకపోయినా అక్కణ్ణించి కదల్లేదు. ఊరి నుంచి కాన్యన్ పాతిక కిలోమీటర్లే. వేసవిలో అక్కడి పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుందని ఆ దారిలో రోజూ తిరిగే డ్రైవర్‌కి తెలియకుండా ఉంటుందా? మేం చేరేసరికి మధ్యాహ్నమైంది, లాట్ ఫుల్. రోడ్డు పక్కనే దింపేసి, "గంటలో ఇక్కడికే వచ్చేయండి, లేటైతే లేక్ లూయిస్ మిస్సవుతాం" అని చెప్పి వ్యాన్ తీసుకుని వెళ్ళిపోయాడు. గైడ్ అంటే ఆయనేనట.

ఆ గంటలో ఏం సాధ్యమో చూడండి. లోయర్ ఫాల్స్‌కి పోనూ 1.2 కిలోమీటర్లు, అప్పర్ ఫాల్స్‌కి దాదాపు 2.5. లోయర్ ఫాల్స్ వరకు దారి బాగుంటుంది, ఎక్కుడు తక్కువ, మోకాళ్ళ నొప్పులున్న మా నాన్న కూడా ఆగి ఆగి హాయిగా నడిచారు. అక్కణ్ణించి పైకి మాత్రం ఎక్కుడు పెరుగుతుంది. రెండూ చూసి రావాలంటే బాగా నడిచేవాళ్ళకే రెండు గంటలు పడుతుంది, పెద్దవాళ్ళతో అయితే మూడు అనుకోండి. గంట టైమిచ్చి రెండు జలపాతాలు అని అమ్మడం పచ్చి మోసం.

చోటు మాత్రం ఎంత బాగుంటుందో! సున్నపురాయి గోడకి ఇనుముతో బిగించిన నడవ మీద నడుస్తుంటే కాళ్ళ కింద వాగు నురగలు కక్కుతూ పోతుంటుంది, కొన్నిచోట్ల రెండు వైపుల కొండలూ ఎంత దగ్గరగా వస్తాయంటే ఆకాశం సన్నటి పట్టీలా కనిపిస్తుంది. లోయర్ ఫాల్స్ దగ్గర చిన్న వంతెన దాటితే రాతిలో ఒక పొట్టి సొరంగం ఉంది. వంగి దూరాలి, పైనుంచి చల్లటి చుక్కలు మెడ మీద పడతాయి, అటు చివర జలపాతం తుంపర మొహానికి కొడుతుంది. అందులో ఒకసారికి కొద్దిమందే పడతారు కాబట్టి ఎప్పుడూ క్యూనే. మేం ఆ క్యూలో ఉండగానే డ్రైవర్ ఫోన్ల మీద ఫోన్లు. ఇంక మా ముందు ఒక కుటుంబమే మిగిలింది, అప్పుడు అమ్మ పక్కకి తప్పుకుంది. "వద్దులే, వాళ్ళు మనల్ని వదిలేసి వెళ్ళిపోతారేమో, వంతెన మీంచి చూశాగా" అంది. నాకు కోపం వచ్చింది డబ్బులకంటే దీనికే. అంత దూరం నుంచి వచ్చిన మనిషి, మళ్ళీ ఎప్పుడు వస్తుందో.

ఇంటికొచ్చాక బిల్లు చూస్తే మనిషికింత అని ఎంట్రీ ఫీజు వేశారు, పిల్లలకి కూడా. కట్టాల్సింది కాన్యన్‌కి కాదు, బాంఫ్ నేషనల్ పార్క్ మొత్తానికి పార్క్స్ కెనడా (పార్కుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ) ఇచ్చే పాస్‌కి. అందులోనూ 17 ఏళ్ళ వరకు పిల్లలకి ఎప్పుడూ ఉచితమే. పైగా 2025లో జూన్ 20 నుంచి సెప్టెంబర్ 2 వరకు కెనడా ప్రభుత్వం నేషనల్ పార్కుల్లో ప్రవేశం అందరికీ ఫ్రీ చేసింది. అంటే మేం వెళ్ళిన రోజు అక్కడికి ఎవరూ ఒక్క సెంటు కట్టక్కర్లేదు! ఇదే అడిగితే ముందు "అది సర్వీస్ చార్జ్" అన్నారు, తర్వాత "హ్యాండ్లింగ్" అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

ఫ్రీ లేని రోజుల్లో వెళ్ళేవాళ్ళు పాస్ నేరుగా పార్క్స్ కెనడా దగ్గరే కొనుక్కోండి, ఆన్‌లైన్‌లో గానీ పార్క్ గేటు దగ్గర గానీ. ఒకే వాహనంలో ఏడుగురి వరకు కలిపి ఫ్యామిలీ పాస్ ఉంటుంది, పెద్దవాళ్ళు ఎక్కువమంది ఉంటే మనిషికొకటి తీసుకోవడం కంటే అదే చవక. కారు లేకపోతే బాంఫ్ ఊళ్ళోంచి రోమ్ (Roam) అనే లోకల్ బస్సు సర్వీసు వాళ్ళ 9వ నంబరు బస్సు కాన్యన్ దాకా వెళ్తుంది, వేసవిలో రోజూ ఉంటుంది, మిగతా కాలంలో ఏ రోజులున్నాయో చూసుకుని బయల్దేరండి. కారులో వెళ్ళేవాళ్ళు పొద్దున్న ఎనిమిదికల్లా అక్కడుండేలా చూసుకోండి. ఒక్క విషయం, మే 1 నుంచి జూన్ 25 వరకు, మళ్ళీ సెప్టెంబర్‌లో కాన్యన్‌కి వెళ్ళే రోడ్డు బో వ్యాలీ పార్క్‌వేలో తూర్పు వైపు 17 కిలోమీటర్లు సైకిళ్ళకి వదిలేస్తారు, కార్లు కాసిల్ జంక్షన్ మీదుగా చుట్టూ తిరిగి రావాలి. ఈ సంగతి చెప్పకుండా ఆ రోజుల్లో "డైరెక్ట్ సీనిక్ డ్రైవ్" అని అమ్మేవాళ్ళని నమ్మకండి.

"సీక్రెట్ కేవ్ ఫొటో" అని కూడా కొందరు ఆశ పెడుతున్నారు. కాన్యన్‌లోని ఆ గుహకి దారి వదిలి కిందికి దిగాలి, ఆ భాగం బ్లాక్ స్విఫ్ట్ పక్షులు గూళ్ళు పెట్టుకునే చోటు. అవి కెనడాలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి, అందుకే గూళ్ళ కాలంలో అక్కడికి వెళ్ళడం నిషేధం, పట్టుకుంటే జరిమానా చాలా పెద్దది. ఆ జరిమానా పడేది మీ పేరు మీదే, టూర్ వాడి మీద కాదు. చలికాలం ఐస్ వాక్ తీసుకునేవాళ్ళు బూట్లకి తగిలించుకునే ముళ్ళ పట్టీలు ప్యాకేజీలో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. అవి లేకుండా పెద్దవాళ్ళని ఆ మంచు మీద నడిపించకండి, నడవ మొత్తం గాజులా జారుతుంది.

మా విషయంలో యాడ్ స్క్రీన్‌షాట్, బిల్లు, డ్రైవర్ "గంటే టైము" అని పెట్టిన మెసేజ్, ఈ మూడూ జతచేసి క్రెడిట్ కార్డు వాళ్ళకి డిస్ప్యూట్ (ఆ చార్జి తప్పని ఫిర్యాదు) వేశాం. ఎంట్రీ ఫీజు వెనక్కి వచ్చింది. అప్పర్ ఫాల్స్ చూపించనందుకు మిగతా డబ్బులో కొంతైనా ఇవ్వాలని అడిగాం, అది ఇంకా తేలలేదు. మీలో ఎవరికైనా 2025 వేసవిలో ఇలాగే ఎంట్రీ ఫీజు వేసి ఉంటే పాత బిల్లులు ఇవాళే తీసి చూడండి, డిస్ప్యూట్‌కి గడువు ఉంటుంది, అది దాటిందో లేదో కార్డు వెనకాల ఉన్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి.