పొందూరు పంచె, ఆరు ఉతుకుల తర్వాత

శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేసిన ఈ ఖద్దరు పంచె ఉగాదికి కొన్నాను. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ, నాలుగు ఉతుకులు పడితే గానీ ఖద్దరు సంగతి తేలదు. ఇప్పటికి ఆరు పడ్డాయి.

ముందు గుడ్డ మాట. నూరో నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం), సన్నటి ఎర్రంచు. కొత్తలో గంజి మీద కాగితంలా గరగరలాడింది. మూడో ఉతుక్కి మెత్తబడి ఒంటికి అలవాటైంది. విజయనగరం మే నెల ఉక్కలో కరెంటు పోయినా చిరాకు పుట్టలేదు. నలగడం మాత్రం ఘోరంగా నలుగుతుంది. పెళ్లిభోజనానికి కూర్చుని లేస్తే రాత్రి అదే పంచెతో పడుకున్నావా అని అడిగారు. వాషింగ్ మెషీన్లో వేయకండి. మా అబ్బాయి ఒకసారి వేశాడు, అంచు దగ్గర పోగు లేచింది. వెల ఆరు వేలు దాటింది. పింఛనుదారుడికి ఎక్కువే.

అక్కినేని నాగేశ్వరరావు గారు పొందూరు ఖద్దరే కడతారని విని మోజుపడిన తరం మాది. ఆ మోజుతోనే లోగడ ఒక ఎగ్జిబిషన్‌లో మోసపోయాను. ఇంటికొచ్చి వెలుతురుకి ఎత్తి చూస్తే పోగులన్నీ ఒకే లావున, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. మిల్లు నూలు! చేత్తో వడికిన నూలు అలా ఉండదు, ఒకచోట సన్నబడి, ఇంకోచోట కాస్త ఒళ్లు చేస్తుంది. అందుకే ఈసారి పలాస పాసింజరెక్కి పొందూరులోనే దిగాను.

పంచె కొన్నాక రైలుకి ఇంకా టైముంది. వడికేవాళ్లను చూపిస్తారా అంటే ఒక ఇల్లు చూపించారు. డెబ్భై ఏళ్లావిడ, అరుగు మీద కూర్చుని గింజపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతోంది. ఆ దవడకుండే సన్నటి పళ్లకి పత్తిలోని నలుసంతా వచ్చేస్తుంది. తర్వాత గింజ తీయాలి, వింటితో దూది ఏకాలి, దాన్ని వడకడానికి వీలుగా ఏకులుగా చుట్టాలి. ఆ ఏకుల్ని ఎండిన అరటి డొప్పలో దాచుకుంటారు, చేతి చెమట తగలకుండా. అప్పుడు గాని రాట్నం దగ్గరికి రారు. అదీ ఒంటి కదురు రాట్నం.

నేను ఏదో అడగబోయాను. "మాటాడితే నూలు తెగిపోద్ది బాబూ, కూసింత ఆగు" అంది. ఆగాను. ఏకు అయిపోయాక తనే నవ్వి, నన్నొకసారి కూర్చోబెట్టింది. జానెడు నూలు రాకముందే ఏడుసార్లు తెంపాను. తెగిన ప్రతిసారీ రెండు కొసల్నీ వేళ్లతో నలిపి అతికేది. ఎక్కడ అతికిందో నాకు కనపడేది కాదు.

"ఎలా తెలుస్తుందమ్మా ఇంత సన్నం చాలని?"

"కన్నుకేటి తెలుస్తాది బాబూ, ఏలికి తెలుస్తాది."

కూలి అడిగాను. చెప్పింది. రోజల్లా వడికినా మా వీధిలో ఇటుకలు మోసే మనిషికొచ్చే దాంట్లో సగం కూడా లేదు. కోడలు రాట్నం ముట్టదట. ముట్టనక్కర్లేదని ఆవిడే అంది, నేను తలూపాను. ఖద్దరు పవిత్రమని కొనేవాళ్లం అనుకుంటాం గానీ వడికేవాళ్లింట్లో ఆ మాట నాకు వినపడలేదు. మరి మీరెందుకు మానలేదంటే మాత్రం, "మానేసి ఏటి సెయ్యాలి? పొద్దెలా పోద్ది?" అని నన్నే ఎదురడిగింది. రిటైరై ఏడాదైన మనిషిని ఆ ప్రశ్న అడగకూడదు.

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. లెడ్జరులో ప్రతి పేజీకీ నా పొట్టి సంతకం ఉండేది. కంప్యూటర్లొచ్చాక ఆ పుస్తకాలు మూటలు కట్టి గోదాములో పడేశారు, ఇప్పుడవి ఎలుకలు తప్ప తిప్పేవాళ్లు లేరు. మరి ఈవిడ? "మీ నూలు ఏ పంచెలో ఉందో నాకివ్వండి, అదే కొంటాను" అన్నాను కాస్త బడాయిగా. పదిమంది వడికిన నూలు చిలపలు (చుట్టలు) కలిస్తే ఒక పంచె అవుతుందట. ఎవరి పోగు ఎక్కడ పడిందో నేసినవాడికి కూడా తెలియదట.

నాణ్యతకి అయిదుకి అయిదు. నలుగుడుకి ఒకటి తగ్గించుకోండి. కొనేముందు తప్పకుండా మడత విప్పించి, వీధిలోకి తెచ్చి, ఎండకి ఎత్తి చూడండి. రెండోది దసరాకి కొంటాను, ఈసారి పచ్చంచు.