ఇల్లా, సెంటరా, పట్నంలో గార్డు నౌకరా? దారి తప్పిన ఫౌజీకి ఏది మేలు

మా పెద్దనాన్న కొడుకు ఫౌజులో పదిహేడేళ్లు చేసి, హవల్దారుగా పింఛను మీద దేవరకొండ దగ్గరి మా ఊరికి వచ్చేనాటికి ఇంకా నలభై నిండలేదు. పేరు, నంబరు తెల్ల పెయింటుతో రాసిన నల్ల ట్రంకుపెట్టెను మంచం కిందికి తోశాడు. ఏడాదైనా అందులోని బట్టలు బీరువాలోకి రాలేదు. తెల్లారుజామున నాలుగున్నరకే లేచి, దుప్పటి కొలిచినట్టు మడతపెట్టి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక వాకిట్లో కూర్చునేవాడు. మధ్యాహ్నానికే సీసా. క్యాంటీన్ కోటా అయిపోతే కల్లు దుకాణం.

ఇలాంటి మనిషిని ఎక్కడ ఉంచితే దారిలో పడతాడు? కొన్ని మేం చేసి చూశాం, కొన్ని తోటి ఫౌజీల ఇళ్లలో చూశాం.

మొదట అందరం ఇల్లే అంటాం. ఖర్చుండదు, పిల్లలు కళ్లముందు ఉంటారు. నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, పటాకుల మోతకు ఉలిక్కిపడటం వరకే అయితే, తాగుడు చెయ్యి దాటకపోతే, నిజంగానే ఇల్లు నయం. మాజీ సైనికుల సర్కారీ వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కార్డు మీద మానసిక వైద్యుడికి రెఫరల్ రాయించుకోవచ్చు. అర్ధరాత్రి గుబులెక్కితే సర్కారు మానసిక సాయం లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. కానీ బరువంతా ఇంటామె మీద పడుతుంది. "పదిహేడేండ్లు సెలవుకొచ్చే మనిషితోని కాపురం చేసిన. దినాం ఇంట్ల ఉండే మనిషితోని ఎట్లనో ఇప్పుడు నేర్చుకుంటున్న" అన్నది వదిన ఒకసారి.

ఇంట్లో మేం చేసిన పెద్ద తప్పు, దేవుడి ముందు ఒట్టు పెట్టించి ఒక్కసారే మాన్పించడం. రోజూ బాగా తాగే మనిషికి ఆపిన రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, కొందరికి లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. ప్రాణం మీదికీ రావచ్చు. పాలమూరు వైపు ఇంకో చిక్కు ఉంది: కల్లులో ఆల్ప్రజోలం అనే మత్తుమందు కలిపితే, ఆ కల్లు మానినప్పుడూ ఇదే అవస్థ. అందుకే మొదటి వారం పది రోజులు ఆసుపత్రి మంచమే. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అయినా సరే, ఈసీహెచ్‌ఎస్ జాబితాలోని ఆసుపత్రి అయినా సరే. ఇక్కడ ఏది మేలన్న ప్రశ్నే లేదు.

ఆ తర్వాత మూడు నెలలు ఒక డీ-అడిక్షన్ సెంటర్లో ఉంచాం. పేరెందుకులెండి. అన్నకు అక్కడ బ్రహ్మాండంగా కుదిరింది. ఐదింటికి విజిల్, వరసలో ప్లేట్లు, తొమ్మిదింటికి లైట్లు బంద్. నెల తిరిగేసరికి మిగతావాళ్లకు పీటీ చేయిస్తున్నాడని విని సంబరపడ్డాం. ఇంటికొచ్చిన పన్నెండో రోజు మళ్లీ సీసా.

అదీ బారక్సే కదా మరి! విజిల్ ఊదేవాడుంటే ఫౌజీ ఎక్కడైనా బాగానే ఉంటాడు. విజిల్ లేని ఒక మామూలు మంగళవారాన్ని గడపడమే ఆయనకు రానిది. ఆ మూడు నెలల్లో ఒక్కసారీ బజారుకు పంపలేదు, చేతికి వంద రూపాయలివ్వలేదు, మొదటి నెల ఫోనైనా ఇవ్వలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది, ఇంటివాళ్లతో ఫోన్లో మాట్లాడే హక్కునూ ఇచ్చింది. ఇవేవీ తెలుసుకోకుండా, రిజిస్ట్రేషన్ కాగితమైనా చూడకుండా డబ్బు కట్టిన తెలివితక్కువతనం మాది. జాబితాలో లేని చోటికి ఈసీహెచ్‌ఎస్ బిల్లు రాదని కూడా తర్వాతే తెలిసింది.

గాయపడి వచ్చినవాళ్ల సంగతి వేరు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు పుణె ఖడ్కీలో, మొహాలీలో పారాప్లెజిక్ పునరావాస కేంద్రాలున్నాయి. ఖడ్కీలోనే ఉన్న, 1917 నాటి క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వైకల్యం వచ్చిన సైనికులు పని నేర్చుకుంటారు. దూరమని వెనకాడొద్దు, ఫౌజీకి హిందీ మనకంటే బాగా వచ్చు. సైనిక్ రెస్ట్ హౌస్‌ను మాత్రం వీటితో కలపకండి. అది పని మీద వచ్చినవాళ్లు ఒకటి రెండు రాత్రులు పడుకునే చోటు.

హైదరాబాద్‌లో రూముతో సహా గార్డు నౌకరి? పన్నెండు గంటల డ్యూటీ, రాత్రి జాగారం, ఒంటరి గది. మానేసి ఏడాది దాటినవాడికి సరే. అంతకుముందు వద్దంటే వద్దు.

మాకు పనికొచ్చింది ఇంటికీ సెంటరుకూ మధ్యది. నల్లగొండలో ఇద్దరు మాజీ సైనికులు కిరాయికుండే గదిలో అన్నను మూడోవాడిగా చేర్చాం. వాళ్లలో ఒకాయన తాగుడు మాని నాలుగేళ్లు. వంట వంతులవారీగా. పగలు జిన్నింగ్ మిల్లులో కాంటా దగ్గర చిట్టీలు రాయడం, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి. ఏటీఎం కార్డు మొదటి రెండు నెలలు వదిన దగ్గర, ఆ తర్వాత ఆయన జేబులోనే. సంక్రాంతికి ఒకసారి జారాడు. గదివాళ్లు వెళ్లగొట్టలేదు, తిట్టలేదు, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తోలుకుపోయారు.

సెంటరే తప్పదంటే, పగలు బయట పని చేసి రాత్రికి తిరిగొచ్చే వీలున్నది వెతకండి, ఫీజు కాస్త ఎక్కువైనా. ఇంటికి పోయాక ఎన్నాళ్లు ఫోన్ చేసి కనుక్కుంటారో అడగండి. ఆ ప్రశ్నకు నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

పత్తి సీజను అయిపోవస్తోంది. మిల్లు మూసేశాక బత్తాయి మార్కెట్లో కాంటా పని ఏమన్నా ఉందా అని అన్న తనే తిరిగి అడుగుతున్నాడు.