మగపిల్లలతో క్లాసా, ఫోన్‌లో వీడియోనా?

అనంతపురం పల్లెల్లో ఆడవాళ్లపై హింస ఆపడం గురించి మగవాళ్లతో మాట్లాడాలంటే దారులు రెండు: హైస్కూల్లో క్లాసులు, లేదా వాట్సాప్‌లో తిరిగే చిన్న వీడియోలు.

ఖర్చు: క్లాసుకు డబ్బు కన్నా టైం ఎక్కువ కావాలి. వీడియో ఒకసారి తీస్తే ఊరూరా తిరుగుతుంది.

శ్రమ: క్లాసుకే ఎక్కువ. "మా నాయన అమ్మను కొడితే నేనేం చేయాలి సార్" అని ఒక పిల్లోడు అడిగితే జవాబు చెప్పే మనిషి అక్కడే ఉండాలి, ఆ తర్వాతి వారం కూడా ఉండాలి; వీడియోకు ఆ ప్రశ్న వినపడదు.

రిస్క్: వీడియోలో దెబ్బలే చూపిస్తే చూసి వదిలేస్తారు. 2008లో మొదలైన బెల్ బజావో ప్రచారం పక్కింట్లో గొడవ వినిపిస్తే వెళ్లి బెల్ కొట్టమని మగవాళ్లకు చేయగలిగే పని చెప్పింది, నాకు నచ్చింది అదే.

ఎవరికి ఏది: తొమ్మిది, పది చదివేవాళ్లకు క్లాసే. ఆటో నడిపేవాళ్లకు, పనికి బెంగళూరు వెళ్లేవాళ్లకు వీడియో, చివర్లో మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ తప్పకుండా పెట్టండి.