ఎన్‌బీఏ బెంచ్ మీద కూర్చోవడమా, యూరప్ వెళ్ళి ఆడడమా: ఏది మేలు?

ఒక కుర్ర బాస్కెట్‌బాల్ ఆటగాడిని ఎన్‌బీఏ (అమెరికా అగ్ర బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోలేదు, లేదా రెండో రౌండ్‌లో తీసుకుని ఏడాది తిరక్కుండానే వదిలేశారు. వయసు ఇరవై నాలుగు. ఇప్పుడేం చేయాలి? అమెరికాలోనే జీ లీగ్‌లో (ఎన్‌బీఏ కింద నడిచే చిన్న లీగ్) ఆడుకుంటూ ఎన్‌బీఏ నుంచి ఫోన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాలా, సామాన్లు సర్దుకుని గ్రీసుకో టర్కీకో వెళ్ళిపోవాలా? మనవాళ్ళు పొద్దున్నే లేచి మ్యాచ్‌లు చూసి స్టార్ల గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు గానీ, ప్రతి వేసవిలో ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయే ఆటగాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నా ఓటు మాత్రం వెళ్ళిపోవడానికే. అయితే అందరికీ కాదు, ఎవరు ఆగాలో కూడా చెప్తాను.

ముందు ఆగి గెలిచినవాడి సంగతి చూద్దాం. ఇష్ స్మిత్‌ని 2010 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. హ్యూస్టన్‌లో చోటు సంపాదించాడు, ఆ సీజన్ పూర్తికాకుండానే మెంఫిస్‌కి ట్రేడ్ చేశారు, అక్కణ్ణుంచి గోల్డెన్ స్టేట్, ఓర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్, ఓక్లహోమా సిటీ, ఫిలడెల్ఫియా, న్యూ ఓర్లీన్స్, డెట్రాయిట్, వాషింగ్టన్, షార్లెట్, చివరికి 2022లో డెన్వర్. మొత్తం 13 టీమ్‌లు, ఎన్‌బీఏ చరిత్రలో అదే రికార్డు. అంతకుముందు చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్ తలా 12 టీమ్‌లకి ఆడారు. 2023లో డెన్వర్ టైటిల్ గెలిస్తే ఇష్ స్మిత్‌కీ చాంపియన్లకిచ్చే రింగ్ దక్కింది. 2015 డిసెంబర్‌లో ఫిలడెల్ఫియా 31 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచిన దశలో, రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో ఆటగాణ్ణి ఎంచుకునే హక్కులు) ఇచ్చి మరీ న్యూ ఓర్లీన్స్ నుంచి ఇతన్ని తెచ్చుకుంది. ఎందుకంటే మెరుపు వేగంతో బంతిని ముందుకు తీసుకెళ్ళి, కుర్రాళ్ళకి సరైన చోట అందించే గార్డ్ వాళ్ళకి అప్పుడు అత్యవసరం. ఆ ఒక్క పనితోనే ఆ మరుసటి వేసవి డెట్రాయిట్‌లో మూడేళ్ళకి కోటీ 80 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ వచ్చింది.

ఇప్పుడు వెళ్ళినవాడు. పీ.జే. టకర్‌ని 2006లో టొరంటో 35వ పిక్‌గా తీసుకుంది, 17 మ్యాచ్‌లు ఆడించింది, సీజన్ ముగియకముందే వదిలేసింది. ఆ తర్వాత ఐదేళ్ళు ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, ప్యూర్టోరికో, జర్మనీ. ఇవి తిరుగుడు ఏళ్ళు మాత్రమే అనుకుంటే పొరపాటు. 2008లో ఇతను ఆడిన హపోయెల్ హోలోన్, ఏళ్ళ తరబడి మకాబీ టెల్ అవీవ్ గుప్పిట్లో ఉన్న ఇజ్రాయెల్ టైటిల్‌ని ఎగరేసుకుపోయింది. 2012లో జర్మనీలో బాంబెర్గ్ చాంపియన్ అయితే ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) ఇతనే. కాలేజీలో బాస్కెట్ దగ్గర పోస్ట్‌లో నిలబడి స్కోర్ చేసిన ఆరడుగుల ఐదంగుళాల ఆటగాడు, 27 ఏళ్ళకి ఫీనిక్స్‌లో మళ్ళీ అడుగుపెట్టేసరికి ఎదుటి టీమ్‌లో అందరికన్నా ప్రమాదకరమైనవాడిని కాసే డిఫెండర్‌గా మారిపోయాడు. 2021 ప్లేఆఫ్స్‌లో మిల్వాకీ తరఫున కెవిన్ డ్యురాంట్‌ని కాసింది ఇతనే, ఆ ఏడాదే టైటిల్ కూడా. టొరంటో బెంచ్ చివర్లోనే ఐదేళ్ళు కూర్చుని ఉంటే ఈ టకర్ తయారయ్యేవాడని నేను ఎంతమాత్రం నమ్మను.

డబ్బు దగ్గర చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. 2024-25లో ఎన్‌బీఏలో కొత్త ఆటగాడి కనీస జీతం 11.57 లక్షల డాలర్లు. టూ-వే కాంట్రాక్ట్‌లో (ఎన్‌బీఏ టీమ్‌కీ, దాని జీ లీగ్ టీమ్‌కీ మారుతూ ఆడే ఒప్పందం) దానికి సగం, ఎన్‌బీఏ టీమ్‌తో 50 మ్యాచ్‌లకి మించి ఉండడానికి వీల్లేదు. అదీ లేక ఉత్త జీ లీగ్ కాంట్రాక్ట్ అయితే సీజన్ మొత్తానికీ 43 వేల డాలర్లే. జనవరిలో ఎవరైనా గాయపడి పది రోజుల కాంట్రాక్ట్ వచ్చిందనుకోండి, ఆ పది రోజులకే 65 వేల డాలర్ల పైన వస్తుంది, అంటే జీ లీగ్ సీజన్ జీతం కంటే ఎక్కువ. అందుకే వదల్లేకపోతారు, వచ్చే నెల ఫోన్ వస్తుందేమో అన్న టెన్షన్‌లోనే ఏళ్ళు గడిచిపోతాయి. ఆండ్రే ఇంగ్రామ్ అలా పదేళ్ళు ఆడాడు. 2018 ఏప్రిల్ 10న, 32 ఏళ్ళ వయసులో లేకర్స్ తరఫున హ్యూస్టన్ మీద తొలి మ్యాచ్‌లోనే 19 పాయింట్లు కొట్టాడు. ఆ రాత్రి హాలంతా ఊగిపోయింది, చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. కానీ అంత షూటింగ్ ఉన్న మనిషి పదేళ్ళు అంత తక్కువ జీతానికి ఆడాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది.

యూరప్‌లో మంచి క్లబ్ అయితే జీతం పన్నులు పోను చేతికొచ్చే లెక్కలో మాట్లాడుకుంటారు. ఇల్లు, కారు క్లబ్బే ఇస్తుంది, చాలా చోట్ల ఏజెంట్ ఫీజు కూడా క్లబ్బే కడుతుంది. అందుకే కాగితం మీద అంకె చిన్నదిగా కనిపించినా చేతిలో మిగిలేది తక్కువేం కాదు.

డబ్బు కంటే పెద్ద విషయం ఆట. యూరప్ అగ్ర క్లబ్బులు ఆడే యూరోలీగ్‌లో మ్యాచ్ 40 నిమిషాలే, ఎన్‌బీఏలో 48. డిఫెండర్ మూడు సెకన్లకి మించి బాస్కెట్ కింద ఉండకూడదన్న ఎన్‌బీఏ రూల్ అక్కడ లేదు కాబట్టి పెయింట్‌లో (బాస్కెట్ ముందు గీతలు గీసిన చోటు) పొడుగువాడు కదలకుండా నిలబడి ఉంటాడు, గార్డ్ కళ్ళు మూసుకుని దూసుకెళ్తే కుదరదు, స్క్రీన్ (తోటివాడు డిఫెండర్‌కి అడ్డంగా నిలబడడం) చదవాలి, పాస్ ముందే చూడాలి. ఏథెన్స్‌లోనో బెల్‌గ్రేడ్‌లోనో ఒక మ్యాచ్ ఓడితే వారమంతా ఊరు మాట్లాడుకుంటుంది. ఆ ఒత్తిడిలో 25 నిమిషాలు ఆడడం, ఫీనిక్స్ బెంచ్ మీద టవల్ ఊపడం ఒకటి కావు.

మైక్ జేమ్స్ రెండూ చూశాడు. 2012లో ఇతన్నీ ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. ఇటలీ రెండో డివిజన్ దాకా దిగి, మళ్ళీ మెట్టుమెట్టుగా పైకొచ్చి, 2017లో ఫీనిక్స్‌తో టూ-వే సంతకం చేశాడు. సగటున పది పాయింట్లు కొట్టాడు, టూ-వే నుంచి మామూలు కాంట్రాక్ట్‌కి మారిన మొదటి ఆటగాడయ్యాడు, ఆ తర్వాత కొద్ది రోజులకే తీసేశారు. పది పాయింట్లు కొట్టినా చోటుకి గ్యారంటీ లేదన్నమాట. యూరప్‌లో అదే మనిషి 2024లో వాసిలిస్ స్పనూలిస్‌ని దాటి యూరోలీగ్ చరిత్రలోనే అత్యధిక పాయింట్ల ఆటగాడయ్యాడు, మొనాకో తరఫున ఆ సీజన్ ఎంవీపీ కూడా. ఒక ఖండంలో పదిహేనోవాడు, ఇంకో ఖండంలో రాజు.

మరి ఎవరు ఆగాలి? ఎన్‌బీఏలో మూడేళ్ళ సర్వీసు నిండితే పెన్షన్ హక్కు వస్తుంది, రిటైరయ్యాక లీగ్ ఆరోగ్య బీమా కూడా. రెండేళ్ళు పూర్తయి మూడోది అందేలా ఉంటే ఎంత చిన్న కాంట్రాక్ట్ అయినా పట్టుకుని వేలాడాల్సిందే. అలాగే ఇష్ స్మిత్‌లా కోచ్‌లందరికీ ఎప్పుడూ కావలసిన పని ఒక్కటి గట్టిగా చేతిలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడేసి డిఫెన్స్ చేసే పొడుగు వింగ్‌లు (కోర్టు పక్కల్లో ఆడేవాళ్ళు). స్కోరింగే బలమైన చిన్న గార్డ్‌లు మాత్రం ఆగకూడదు. ఎన్‌బీఏలో బంతి స్టార్ చేతిలోనే ఉంటుంది, బెంచ్ మీద పదమూడోవాడికి ఇవ్వరు.

యూరప్‌లో కష్టాలు లేవని కాదు. టీమ్ రెండు మ్యాచ్‌లు ఓడితే ముందు వేటు పడేది విదేశీ ఆటగాడి మీదే. భార్యకి భాష రాదు, పిల్లలకి బడి దొరకదు (ఏడాది మధ్యలో ట్రేడ్ అయితే అమెరికాలోనూ ఇదే గోల అనుకోండి). చిన్న క్లబ్బుల్లో జీతాలు నెలల తరబడి ఆలస్యమవుతాయి. అందుకే కాంట్రాక్ట్‌లో గొడవలన్నీ ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫీబా పెట్టిన బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రైబ్యునల్ ముందుకి వెళ్తాయన్న క్లాజ్ లేకుండా సంతకం పెట్టకూడదు. 2007 నుంచి నడుస్తున్న ఈ ట్రైబ్యునల్ తీర్పు ఇచ్చాక కూడా క్లబ్ డబ్బు కట్టకపోతే, కొత్త ఆటగాళ్ళని రిజిస్టర్ చేయకుండా ఫీబా ఆపగలదు.

ఇంకొకటి, టైమింగ్. యూరప్ క్లబ్బులు మంచి చోట్లన్నీ జూలైలోనే నింపేసి ఆగస్టులో క్యాంప్ మొదలుపెడతాయి. ఎన్‌బీఏ క్యాంప్ సెప్టెంబర్ ఆఖరుకి గానీ తెరుచుకోదు, అక్కడ ఆడి అక్టోబర్‌లో టీమ్ తీసేస్తే మిగిలేది ఎవరో గాయపడి ఖాళీ చేసిన చోటే. కాబట్టి సమ్మర్ లీగ్ (వేసవిలో కొత్తవాళ్ళని పరీక్షించే ఎన్‌బీఏ పోటీలు) అవుతుండగానే ఏజెంట్‌తో తేల్చుకోవాలి: ఆగస్టు మొదటి వారానికి గ్యారంటీ ఉన్న ఎన్‌బీఏ కాంట్రాక్ట్ చేతికి రాకపోతే, యూరప్ ఆఫర్ మీద సంతకం పెట్టేద్దామని.